అంచు మనదే కావాలి

ఇంట్లో నికాహ్ ఖాయమైందంటే ముందు గుర్తొచ్చేది షాదీ కార్డు. నంద్యాలలోనైనా, ఆళ్లగడ్డలోనైనా డీటీపీ షాపుకు వెళితే పాత నమూనాల ఆల్బమ్ మన ముందు పెడతారు. పేర్లు మారతాయి, అంచు మాత్రం అదే. మా ఇంటి కార్డులో ఆ అంచు కూడా మూలల దగ్గర తెగిపోయింది. నక్షత్రం సగమే మిగిలింది. అప్పటికే అయిదొందల కార్డులు అచ్చయిపోయాయి.

ఆ అంచును ఇంట్లో కంప్యూటరుంటే మన పిల్లలే తయారుచేయవచ్చు. 2003లో మొదలైన 'ఇంక్‌స్కేప్' అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

ముందుగా ఒక చదరం గీయాలి. దానికి నకలు తీసి 45 డిగ్రీలు తిప్పి, రెంటినీ 'యూనియన్'తో కలిపితే ఎనిమిది మొనల నక్షత్రం వస్తుంది. మన మస్జిదుల అలంకరణలో కనిపించే నక్షత్రమే ఇది. మొన నుంచి మొనకు అర అంగుళం ఉండాలి. దాన్ని కాపీ చేసి, వేరుగా ఒక గీత గీసి, పాత్ ఎఫెక్ట్స్‌లో 'పాటర్న్ అలాంగ్ పాత్' ద్వారా జతచేయాలి. 'రిపీటెడ్, స్ట్రెచ్డ్' అని ఎంచుకుంటే గీత పొడవునా నక్షత్రాలు బారులు తీరతాయి.

చిక్కంతా మూలల్లోనే. గీత మలుపు తిరిగేచోట నమూనా వంకరపోతుంది. కనుక నాలుగు పక్కలకు నాలుగు గీతలు గీసి, మూలల్లో నక్షత్రాన్ని విడిగా పెట్టాలి. 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల పొడవున్న చట్రంలో మూలలకు అర అంగుళం చొప్పున వదిలితే 4, 6 అంగుళాలు మిగులుతాయి. అంటే అడ్డంగా 8, నిలువుగా 12 నక్షత్రాలు. లెక్క ముందే సరిచూసుకుంటే ఏదీ తెగదు. డబ్బు పెట్టి కొనే 'ఇల్లస్ట్రేటర్'లోని పాటర్న్ బ్రష్‌లో పక్క ముక్కకు, మూల ముక్కకు వేర్వేరు చోట్లే ఉంటాయి.

ఆళ్లగడ్డ శిల్పుల చేతిపనికి పేరుపొందిన ఊరు. అక్కడ ఉలితో చెక్కేవారి ఓర్పే ఇక్కడ మౌస్ పట్టినవారికీ కావాలి. ప్రతి పనినీ చక్కగా చేయాలన్నది దైవప్రవక్త (స) బోధన. ఇతరులు శ్రమించి గీసిన అంచును అడగకుండా కాపీ కొట్టి, దానిమీద సంపాదించడం ఆ బోధనకు తగిన పని కాదు. సొంతంగా గీసిన అంచుకు పుచ్చుకునే రూపాయి హలాల్ సంపాదన. చదువు ముగించి ఇంటి పట్టున ఉంటున్న మన ఆడపిల్లలకు ఇదొక ఉపాధి కూడా.

మరో మాట. కార్డు నిండుగా కనిపించాలని ఖుర్ఆన్ ఆయతులు అచ్చువేయిస్తుంటాం. పెళ్ళయ్యాక ఆ కార్డులు చెత్తకుప్పల్లో, కాళ్ళ కింద కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది. ఆ ఖాళీని నింపడానికి నక్షత్రాల అంచు చాలు. ఈసారి మీ ఇంట శుభకార్యం వస్తే షాపులో ఆల్బమ్ తిరగేసేముందు మీ అమ్మాయిని అడిగి చూడండి.