సింగపూరు జీతము – సింగపూరు వ్యయము



పరదేశమున నున్న కుమారుని జీతమెంతయని యడుగనివారు మన యూళ్లలో అరుదు. విన్నవెంటనే దానిని రూపాయలలోనికి మార్చి లెక్క కట్టుదురు. ఆ లెక్క తప్పుకాదు, సగము మాత్రమే. వ్యయమునుగూడ మార్చినగాని అది పూర్తికాదు. ఈ సంగతి నేను సింగపూరులో నేర్చుకొంటిని.

2023లో అచ్చట నుద్యోగమున చేరితిని. జీతము నెలకు 5,200 డాలర్లు. అప్పుడు డాలరు అరువది రూపాయలకు పైచిలుకు, అనగా జీతము మూడులక్షలు దాటినది. ఈ వార్త మా తెనాలి ప్రాంతమంతయు తిరిగెను. నాయనగారు పొరుగుచేని యెకరమునకు బేరమాడ నారంభించిరి.

సింగపూరు చిన్న దీవి. వైశాల్యము సుమారు 735 చదరపు కిలోమీటర్లు. జనము అరువది లక్షలకు పైగా. స్థిరనివాసులలో ముప్పాతిక మందికి పైగా ప్రభుత్వము కట్టించిన అంతస్తుల యిండ్లలో నుందురు. ఉద్యోగానుమతిపై వచ్చిన పరదేశీయుడు అట్టి యిల్లు కొనరాదు, అద్దెకుండవచ్చును. ప్రైవేటు ఇల్లు కొనదలచినచో, 2023 ఏప్రిలు చివరనుండి, వెలలో నూటికి అరువది వంతున అదనపు స్టాంపు సుంకము! కారుమాట తలపనే వలదు. దానిని పదియేండ్లు ఉంచుకొను హక్కునే వేలములో కొనవలెను.

ఇల్లు మొత్తముగా నద్దెకు తీసికొన్నచో మూడువేల డాలర్లు. కావున నేను 1,100 డాలర్లకు ఒక గదిలో చేరితిని. యజమానురాలు మంచిదే, కాని వంటయింట పోపు పెట్టరాదని షరతు. వాసన పరుపులకు పట్టునట! అందుచేత సెరంగూను రోడ్డున టెక్కా అంగడిలో భోజనము చేసెడివాడను. ఆ నగరమున చౌకయైనవి నాకు కనబడినవి రెండే: అంగడి భోజనము, రైలు.

అసలు చిక్కు వేఱొకటి. నెలకు 6,000 డాలర్ల స్థిరజీతము లేనివానికి భార్యాపిల్లలను తనపై నాధారపడినవారిగా తెచ్చుకొను అనుమతి లేదు. నాకు ఎనిమిదివందలు తక్కువ. మూడులక్షల జీతగాడు భార్యను పుట్టింట నుంచెనేల యని యూరివారు చెవులు కొఱుకుకొనిరి. మామగారు మా యరుగుపై కూర్చుండి, “వారిద్దఱకు పొత్తు కుదురలేదా?” యని నాయనగారినే యడిగిరట. అమ్మ ఫోనులో ప్రశ్నించినప్పుడెల్ల నేను “వచ్చే నెల” యనుచుంటిని. జీతము చాలలేదనుటకు సిగ్గు! ఇది నా తప్పే.

ఇంతలో నా తోటి యుద్యోగియగు ఓరుగల్లువాని యుద్యోగము పోయెను. ఉద్యోగముతోడనే అనుమతియు రద్దగును. సాధారణముగా ముప్పది దినముల గడువు. పన్ను తేలువఱకు ఆఖరి జీతము నిలిపియుంచుదురు. వాడు పిల్లవాని మంచము అమ్ముకొని వెళ్లుట కన్నులార చూచితిని.

ఆ రాత్రి నాయనగారికి జాబు వ్రాసితిని. అద్దె 1,100, భోజనము 500, రైలు, ఫోను మొదలగునవి 200, పన్నుకై 180, చదువు అప్పు 900, ఇంటికి పంపునది 1,500, మిగులు 820. ఆ ముప్పది దినముల కొఱకు దాచుకొనవలసినదియు ఇందులోనిదే. భార్య రాకకు కారణమునుగూడ దాపఱికము లేక వ్రాసితిని.

నాయనగారు ఆ జాబును వియ్యంకునికి చదివి వినిపించిరట. ఎకరము బేరము మానుకొనిరి. తరువాత ఫోనులో జీతముమాట యెత్తలేదు. “ఆ యింటామె ఇప్పుడైనను పోపు పెట్టుకొననిచ్చుచున్నదా?” యని యడిగిరి.