రీకండిషన్‌ మిషను... చౌకబేరమా? చేటా?

సగం ధరకే వస్తుందని ఆశ.. కాగితం లేకుంటే అగచాట్లే

హోసూరు: నాలుగేళ్లు మేస్త్రి దగ్గర పనిచేసిన ఓ కుర్ర వడ్రంగికి మొన్నీమధ్య సొంతంగా తొలి కాంట్రాక్టు దొరికింది. ఓ ఇంటికి తలుపులు, వంటగది అల్మరాలు చేయాలి. అడ్వాన్సుగా 12 వేలు చేతికొచ్చింది. కావాల్సినవి మూడు మిషన్లు. కోతకొకటి, చిత్రికకొకటి, రంధ్రాలకొకటి. కొత్తవి కొంటే ఆ డబ్బుకు రెండే వస్తాయి. బెంగళూరు వెళ్లి వాకబు చేస్తే ఓ దుకాణదారు 'కంపెనీ రీకండిషన్‌.. కొత్తదే అనుకో' అంటూ కోత మిషను చూపించాడు. కుర్రాడి మనసు అటే లాగింది. ఇంటికొచ్చి మామకు చెప్పాడు. ముప్పై ఏళ్లుగా కొయ్యపనిలో ఉన్న మనిషి ఆయన.

''దుడ్లు ఎంత మిగిలిందో సూస్తావుండావు అల్లుడూ. అది నిలిచిపోయిన దినం నీ కూలి ఎంత పోతుందో సూసినావా?'' అన్నాడు.

బళ్లారి నుంచి బరంపురం దాకా పనిముట్లతో పొట్టపోసుకునే ప్రతి వడ్రంగికీ, ప్లంబరుకూ, వెల్డరుకూ ఏదో ఒకరోజు ఎదురయ్యే ప్రశ్నే ఇది. రీకండిషన్‌ మిషను కొంటే లాభమా, నష్టమా?

పేరొకటే.. సరుకు మూడు రకాలు

బజార్లో 'రీకండిషన్‌' అన్న మాట కింద మూడు రకాల సరుకు అమ్ముడవుతోంది. మొదటిది అసలైన ఫ్యాక్టరీ రీకండిషన్‌. అమెరికాలో ఇదో స్థిరపడిన వ్యాపారం. కొన్నవారు తిరిగిచ్చేసినవి, పెట్టె దెబ్బతిన్నవి, షోరూంలో ప్రదర్శనకు ఉంచినవి, చిన్న లోపంతో వెనక్కి వచ్చినవి కంపెనీకి చేరతాయి. కంపెనీగానీ, అది అనుమతించిన సర్వీసు కేంద్రంగానీ వాటిని విప్పి, పాడైన భాగాలు మార్చి, పరీక్షించి, రీకండిషన్‌ అని చీటీ అంటించి, వారంటీతో తక్కువ ధరకు అమ్ముతుంది. ఇలాంటివి నిజంగానే మంచి బేరం.

రెండోది దుకాణం రీకండిషన్‌. ఆర్మేచరుకు కొత్తగా వైండింగు చుట్టి, కార్బన్లు, బేరింగులు మార్చి అమ్మేది. చేసిన మెకానిక్కు పనితనం మీదే దాని ఆయుష్షు ఆధారపడుతుంది. మూడోది ఉత్త సెకండ్‌హ్యాండు. పైన తుడిచి, రంగేసి, కొత్త వైరు తగిలిస్తే అదీ రీకండిషన్‌ అయిపోతుంది.

తేడా కనిపెట్టడం ఎలా? కాగితం అడగడమే. కంపెనీ పేరుతో వారంటీ కార్డు, సీరియల్‌ నంబరు ఉన్న బిల్లు చూపిస్తే మొదటి రకం. ఆ నంబరు కంపెనీ సర్వీసు కేంద్రంలో చెప్పి సరిచూసుకోవచ్చు. అవి లేకపోతే దుకాణదారు ఏం చెప్పినా అది రెండోదో, మూడోదో అనుకుని బేరమాడాలి.

అమెరికా అన్న తెచ్చిన డ్రిల్లు

అమెరికాలో ఉన్న బంధువులతో తెప్పించుకుందామనే వారూ ఉన్నారు. ఇక్కడే చిక్కుంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి మిషన్ను ఇక్కడి ప్లగ్గులో నేరుగా పెడితే కాయిలు మాడిపోతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టొచ్చుగానీ, 15 ఆంపియర్ల కోత మిషనుకు 1800 వాట్లు కావాలి. అంతకు మించిన సామర్థ్యం ఉన్న ట్రాన్స్‌ఫార్మరు కొనాలి, ఆ బరువును పని జరిగే చోటికల్లా మోయాలి. మిగిలిన డబ్బు అక్కడికే సరి.

బ్యాటరీతో నడిచే మిషను తెప్పించుకునేవారు ముందు ఛార్జరు మీద రాసింది చదవాలి. 100-240 వోల్టులు అని ఉంటేనే ఇక్కడ పనికొస్తుంది. 120 అని మాత్రమే ఉంటే మళ్లీ అదే కథ. పైగా అక్కడి వారంటీ సాధారణంగా ఇక్కడ చెల్లదు. విమానంలో తెచ్చేటప్పుడు మిషను చెకిన్‌ సామానులో, విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలో ఉండాలన్నది నిబంధన.

దుకాణంలోనే పరీక్ష

మిషను మంచిచెడ్డలు రంగులో లేవు, లోపల మోటారులో ఉన్నాయి. కొనే ముందు పది నిమిషాలు ఓపిగ్గా ఇవి చూసుకోవాలి.

* కార్బన్లు విప్పించి చూడండి. అయిదారు మిల్లీమీటర్లకు అరిగిపోతే మార్చాల్సిందే. అది చిన్న ఖర్చే. కానీ మిషను తిరుగుతున్నప్పుడు లోపల నిప్పురవ్వలు చుట్టూ వలయంలా కనిపిస్తే ఆర్మేచరు పోయినట్టే. కార్బన్ల దగ్గర చిన్న నీలిరవ్వలు మాత్రం మామూలే.

* గాలి వచ్చే కంతల దగ్గర వాసన చూడండి. మాడిన వార్నిషు వాసన వస్తే లోపల వైండింగు ఒకసారి వేడెక్కి దెబ్బతిన్నట్టు.

* ప్లగ్గు తీసేసి బ్లేడు బిగించే ఇరుసును పైకీ కిందికీ కదిలించండి. ఊగితే బేరింగు అరిగింది.

* అయిదు నిమిషాలు ఖాళీగా తిప్పించి, తర్వాత ఓ చెక్క ముక్క కోయించండి. ఖాళీగా చక్కగా తిరిగి, కోతకు పెట్టగానే గొంతు మారే మిషన్లు ఉంటాయి.

* కోత మిషను కింది గార్డును వేలితో వెనక్కి లాగి వదలండి. టక్కున మూసుకోవాలి. గ్రైండరు అయితే గార్డు, పక్క పిడి రెండూ ఉండాలి. 'అది పోయింది, లేకున్నా నడుస్తుంది' అంటే ఆ మిషను తీసుకోవద్దు. చేతివేలికి రీకండిషన్‌ లేదు.

* గ్రైండరు బిళ్ల మీద రాసిన వేగం మిషను వేగం కంటే ఎక్కువ ఉండాలి. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11 వేల చుట్లు తిరుగుతుంది. తగని బిళ్ల వేస్తే పగిలి ముక్కలు మొహానికి తగులుతాయి. బిళ్ల మీద గడువు తేదీ కూడా ఉంటుంది.

* రెండు పిన్నుల మిషను మీద చదరంలో చదరం గుర్తు ఉంటే దానికి జంట ఇన్సులేషను ఉన్నట్టు. లోపల ఎవరెలా విప్పి బిగించారో తెలియని మిషనుకు ఆ గుర్తు ఒక్కటే భరోసా కాదు. పని జరిగే చోట 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు ఉండేలా చూసుకోవాలి.

* రీకండిషన్‌ బ్యాటరీ జోలికి వెళ్లకపోవడమే మేలు. 18 వోల్టుల ప్యాకులో అయిదు సెల్లులు వరుసగా ఉంటాయి. పాతవీ కొత్తవీ కలిపి అతికిస్తే ఒకటి ముందే అలసిపోతుంది. వేడెక్కి అంటుకునే ప్రమాదమూ ఉంది.

లెక్క వేస్తే...

మామ కాగితం మీద వేసి చూపిన లెక్క ఇది. కొత్త మిషను 6 వేలు, రీకండిషన్‌ది 4 వేలు అనుకుందాం. మిగులు 2 వేలు. మూడు నెలలకు అది ఆగింది. వైండింగుకు, కార్బన్లకు 1200. రిపేరు అయ్యేదాకా రెండు రోజుల పని పోయింది. రోజుకు 900 చొప్పున 1800. మొత్తం 3 వేలు. అంటే మిగిలిందనుకున్న 2 వేలు పోగా ఇంకో వెయ్యి చేతి నుంచి పడింది. ఇంటివారితో మాటపడటం వేరే.

అదే వారానికోసారి వాడే డ్రిల్లు అయితే? రెండు రోజులు ఆగినా పని ఆగదు. అప్పుడు ఆ 2 వేలు నిజంగా మిగిలినట్టే. రోజూ చేతిలో ఉండేది, వేలికి ప్రమాదమైనది కొత్తది కొనాలి. అప్పుడప్పుడూ వాడేది రీకండిషన్‌ అయినా ఫర్వాలేదు. మూడో వంతైనా ధర తగ్గకపోతే ఏదైనా కొత్తదే మేలు. ఇదీ ఆయన సూత్రం.

సరిహద్దు దాటినా హక్కు దాటదు

బెంగళూరులో కొని హోసూరులో వాడుకునే వారికి ఓ భయం ఉంటుంది. మోసపోతే అక్కడిదాకా తిరగాలా అని. అక్కర్లేదు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తామున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. హోసూరు వాసి కృష్ణగిరి జిల్లా కమిషన్‌కు వెళ్తే చాలు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. రెండేళ్లలోగా ఫిర్యాదు ఇవ్వాలి. వ్యాపారం కోసం కొన్నది చట్టం కిందికి రాదంటారుగానీ, స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్న పనిముట్టుకు ఆ మినహాయింపు వర్తించదు. రీకండిషన్‌ సరుకును కొత్తదని చెప్పి అమ్మడం అక్రమ వ్యాపార పద్ధతి అని చట్టంలోనే రాసి ఉంది. జాతీయ సహాయ కేంద్రం నంబరు 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు. అయితే వీటన్నింటికీ మూలం ఒక్కటే.. బిల్లు. 'బిల్లు లేకుంటే ఇంకో రెండొందలు తగ్గిస్తా' అనే మాటకు లొంగితే ఈ దారులన్నీ మూసుకుపోతాయి.

కొనేముందు సర్కారు సాయమూ విచారించుకోవాలి. 2023 సెప్టెంబరు 17న కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులు సహా 18 రకాల చేతివృత్తులవారికి పనిముట్ల కోసం 15 వేల రూపాయల వోచరు పెట్టారు. ఆ పథకాన్ని ఉన్నది ఉన్నట్టు అమలు చేయలేమని తమిళనాడు 2024 నవంబరులో కేంద్రానికి రాసింది. బదులుగా 2025 ఏప్రిల్‌లో కలైజ్ఞర్‌ కైవినై తిట్టం పేరుతో సబ్సిడీ రుణాల పథకం తెచ్చింది. సరిహద్దు దాటితే పథకం మారుతుంది గనుక అర్హత, గడువు ఎక్కడికక్కడ జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోవడం మంచిది.

చివరికి ఏం కొన్నాడు?

కుర్రాడు రెండు రోజులు ఆలోచించాడు. కోత మిషను కొత్తది, బిల్లుతో కొన్నాడు. డ్రిల్లు మాత్రం ఊళ్లోనే తెలిసిన మెకానిక్కు దగ్గర రీకండిషన్‌ది తీసుకున్నాడు. ఆర్నెల్లలో ఆగితే ఉచితంగా బాగుచేస్తానని రసీదు వెనక రాయించుకున్నాడు. చిత్రిక మిషను కొనలేదు.

''అది నాది తీసకపోరా. ఈ ఇంటి పని అయినాక కొత్తది కొందువు. అందాక దుడ్లు ఇంట్లో ఉండనీ'' అన్నాడు మామ. మిషను భుజానికెత్తుకుని వెళ్తున్న అల్లుణ్ని వెనక్కి పిలిచి, కార్బన్ల జత ఒకటి జేబులో పెట్టి పంపాడు.