చవుక వాటాలు - పెద్ద కంపెనీలు

2020 అక్టోబరు 31వ తేదీన రైతు వేదికకు ప్రారంభోత్సవము జరిగిన కొడకండ్ల వంటి యూళ్లలో సయితము నేడు చేతిఫోను మూలమున షేర్లు కొనవచ్చును. కావున మిగులు సొమ్ముగల గృహస్థుల యెదుట నొక ప్రశ్న నిలిచియున్నది. పది రూపాయలకు దొరకు క్రొత్త కంపెనీ వాటాలు వేయి కొనుట మేలా, వేయి రూపాయల వెలగల పేరుమోసిన కంపెనీ వాటాలు పది కొనుట మేలా?

ప్రశ్నలోనే భ్రాంతి యున్నది. ఒక పొలమును గుంట యిరువదివేల చొప్పునను, వేరొకదానిని ఎకరము ఆరు లక్షలకును అమ్మజూపినచో, ఇరువదివేలు చిన్న సంఖ్య గదాయని మన రైతు మోసపోవునా? నలువది గుంటలు లెక్కగట్టి, మొదటిది ఎకరము 8 లక్షలు పడినదని యిట్టే చెప్పును. వాటాల యెడ మాత్రము ఈ లెక్క మఱచుచున్నాడు. పది రూపాయల వాటాలు 50 కోట్లున్న కంపెనీ మొత్తము వెల 500 కోట్లు. వేయి రూపాయల వాటాలు 40 లక్షలే యున్న కంపెనీ వెల 400 కోట్లు. లాభములు సమానమైనచో చవుకయైనది రెండవదియే. సెబీ వారును 2017లో మొత్తము విలువను బట్టియే మొదటి నూఱు కంపెనీలను పెద్దవిగను, 101 నుండి 250 వఱకు మధ్యమములుగను, తక్కినవానిని చిన్నవిగను విభజించిరి.

షేర్ల గారడి తెలంగాణమునకు క్రొత్తదికాదు. గనుల హక్కులతో 1886లో లండనులో స్థాపితమైన హైదరాబాదు దక్కను కంపెనీ వాటాలను నైజాము ఖజానాయే ముఖవిలువను మించి కొన్నది! ఆ బేరపు రట్టు 1888లో బ్రిటిషు పార్లమెంటు విచారణ సంఘము వఱకు పోయినది. సింగరేణి కాలరీసునకు పూర్వరూపము ఆ కంపెనీయే.

పెద్ద పేరు చూచి నిశ్చింతగా నుండుడని చెప్పుటకును మాకు నోరాడదు. సత్యం కంప్యూటర్సు సెన్సెక్సులో స్థానము గడించిన హైదరాబాదు సంస్థ. 2008 సెప్టెంబరులో సుపరిపాలనకు గోల్డెన్ పీకాక్ బహుమానము నందినది. 2009 జనవరి 7వ తేదీన, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు కల్పితమని దాని యధ్యక్షుడే లేఖ వ్రాసెను. సుమారు 179 రూపాయల వాటా ఆ యొక్కదినముననే 40కి దిగువకు జాఱినది. ఏప్రిలులో టెక్ మహీంద్రా వారు వాటా 58 రూపాయలకు సంస్థను చేజిక్కించుకొనిరి.

చిన్న కంపెనీల గోతులు వేఱు. సాధనా బ్రాడ్‌కాస్టు అను సంస్థను పెద్ద వ్యాపార కుటుంబము కొనబోవుచున్నదని 2022లో యూట్యూబులో వదంతులు పుట్టించి, వెల యెక్కగనే తమ వాటాలను జనుల నెత్తిన రుద్దిరని సెబీ 2023 మార్చిలో ఉత్తర్వు వెలువరించినది. ఇట్టి వాటాలకు పతనకాలమున కొనువాడే యుండడు. పొలము అమ్ముడుపోకున్నను పంట నిచ్చును. ఇవి యేమియు నియ్యవు.

అయినను చిన్నవాటిని నిషేధింపుమని మేమనము. డాక్టర్ రెడ్డీసు 1984లో చిన్నదిగనే పుట్టి 2001లో న్యూయార్కు విపణి కెక్కినది. దేశీయ పరిశ్రమలకు తొలి మూలధనము ఎవరో యొకరు పెట్టవలసినదే. పోయినను ఇల్లు కదలని సొమ్మును మాత్రమే, ఆయవ్యయ పట్టికలు స్వయముగ చదివిన పిమ్మట, అందు పెట్టవచ్చును. బిడ్డల చదువునకును పెండ్లికిని దాచినది అందుకు తగదు. తక్కినది పలు పెద్ద కంపెనీలలో పంచియుంచుటయే మా సలహా.

కొనుటకు ముందు మఱియొకటి చూడవలయును. సత్యం స్థాపకుల వాటాలు చాలవఱకు అప్పులవారివద్ద తాకట్టునం దుండిన సంగతి సామాన్య వాటాదారునకు ముందుగ తెలియలేదు. ఇట్టి తాకట్టులను వెల్లడింపవలెనని సెబీ 2009లో నిర్బంధించినది. ఆ వివరములు నేడు షేర్ల ఎక్స్ఛేంజీల అంతర్జాల పుటలలో ఎవరికైనను రుసుము లేకయే లభించుచున్నవి.