హూడినుండి డాల్ఫినుల దూరము

బెంగుళూరు నందలి హూడికి సముద్రము వందల కిలోమీటర్ల దూరమున నున్నను, అచ్చటి తెలుగు కుటుంబముల చేతి ఫోనులలో డాల్ఫినులు గంతులు వేయుచునే యుండును. వేసవి సెలవులకు దుబాయి పోయి డాల్ఫినుల ప్రదర్శన చూచివచ్చినవారు ఆ దృశ్యమును పట్టుకొని రాక మానరు. శిక్షకుడు ఈల యూదును. నున్నని బూడిదవన్నె దేహము నీటిని చీల్చుకొని పైకెగసి, వ్రేలాడు బంతిని మూతితో తాకి పడును. మరుక్షణమే దాని నోట నొక చచ్చిన చేప. ఆ చేపయే సమస్త విద్యకును మూలము! డాల్ఫిను మాత్రము చేప కాదు, మనవలెనే ఊపిరితిత్తులతో శ్వాసించు క్షీరదము; తాను వెలువరించిన ధ్వనికి వచ్చు ప్రతిధ్వనినిబట్టి దారి నెరుగు ఆ ప్రాణికి సిమెంటు గోడల నడుమ వినుటకేమి మిగులునో పాఠకులే యూహింతురుగాక.

ఈ వినోదము మన దేశమునకు రాకపోలేదు. 1998 ప్రాంతమున చెన్నపట్టణ సమీపమునకు బల్గేరియానుండి తెప్పింపబడిన డాల్ఫినులు కొలది నెలలలోనే గతించెను. 2013 మే నెలలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఇట్టి ప్రదర్శనశాలలకు అనుమతి నీయవలదని రాష్ట్రములకు తెలిపెను. కావున హూడి బాలుడు బంతియాట చూడగోరినచో విమాన మెక్కవలసినదే. లేదా రైలెక్కి చిల్కా సరస్సునకు పోవచ్చును. అచ్చటి ఇరావతి డాల్ఫిను ఎవరి ఈలకును రాదు. ఎప్పుడో యొకసారి వీపు చూపి మునిగిపోవును.