ఇంట్లో యేం పరుద్దాం?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన యింట్లో నేలకేం పరచాలో, నెత్తికేం కప్పాలో, కిటికీకి ఏ గుడ్డ కట్టాలో మాత్రం చెప్పకుండానే వెళ్ళిపోయారు. వారికా చిక్కు లేదు కాబోలు. జమ్మలమడుగులో యిల్లు కట్టినవాడు పక్క గనిలో దొరికిన బండనే పరిచాడు, పైన మట్టి మిద్దె వేశాడు. రెండో వస్తువు వుంటే గదా యెంచుకోవటానికి!

ఇప్పుడు అట్లా కాదు. ప్రొద్దుటూరులో టైల్సు దుకాణం గడప తొక్కితే నిలువుటద్దాల్లాంటి పలకలు గోడల నిండా ఆనించి వుంటాయి. గుజరాతులోని మోర్బీ నుంచి లారీలకెక్కి వచ్చిన సరుకు. ఇల్లాలికి ఒకటి నచ్చుతుంది, యజమానికి యింకొకటి. పిల్లలు ఫోనులో మూడోది చూపిస్తారు. ఇంతమంది వాదించుకొన్న తరువాత తీర్పు చెప్పేది మాత్రం దుకాణంలో వెలిగే దీపాలు. అక్కడ మెరిసినదే యింటికి వస్తుంది. ఒక కుటుంబం ఇరవయ్యేళ్ళు కూడబెట్టిన డబ్బు గంటసేపట్లో అట్లా ఖర్చయిపోవటం నేను చాలాసార్లు చూశాను.

తెలుగు పాఠం చెప్పుకొనేవాడికి తాపీపని సంగతులెందుకని పాఠకులు అడగవచ్చు. నేను పుట్టింది జమ్మలమడుగులో, ఉద్యోగం ప్రొద్దుటూరులో, అత్తవారిల్లు పులివెందులలో. ఈ మూడూళ్ళ మధ్య తిరిగేవాడికి కంటబడేవి రాళ్ళే. ఎవరు యిల్లు మొదలుపెట్టినా "నువ్వు బండల దేశంవాడివి గదా, రా" అని వెంటబెట్టుకొని పోతారు.

మా బండను మేము నాపరాయి అంటాము. బయటివాళ్ళు కడప బండ అంటారు. బొంబాయి, పూనాల్లో అయితే వంటగట్టు మీది నల్లరాయికి పేరే "కడప్పా". ఆ మాట పలికే యిల్లాలికి కడప అనే వూరొకటి వున్నదని తెలియకపోవచ్చు. ఊరి పేరు సరుకు పేరైపోయిందంటే ఆ సరుకు ఎంత దూరం తిరిగిందో వూహించుకోండి. తాండూరు బండ, షాబాదు బండ కూడా యీ జాతివే.

భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు ప్రాంతాల శిలల మీద పెద్ద గ్రంథం ప్రకటించాడు. ఆ శాస్త్రజ్ఞులు మా ప్రాంతపు బండల పొరల్లో ముఖ్యమైనదానిని నార్జి సున్నపురాయి అంటారు. సున్నపురాయి అన్న ఆ ఒక్క మాట గుర్తుంచుకొంటే చాలు. కడప బండ మంచీ చెడూ రెండూ అందులోనే వున్నాయి. కోట్ల సంవత్సరాల కిందట సముద్రం అడుగున మెత్తటి మడ్డి పొరపొరగా పేరుకొని గట్టిపడింది. అందుకే గనిలో పనివాడు ఉలిపెట్టి సమ్మెటతో నాలుగు దెబ్బలు వేస్తే పుస్తకంలో పుట తిప్పినట్లు బండ విడివడుతుంది. జమ్మలమడుగుకు కూతవేటు దూరంలో గండికోట వున్నది గదా, అక్కడి యెర్రరాయి యిట్లా పలకలుగా రాదు. అది యిసుక బిగిసి రాయి అయినది. గోడకు పెట్టింది పేరు, నేలకు పనికిరాదు. ఏ రాయి ఎక్కడ వుండాలో ఆ రాయే చెబుతుంది. ఎర్రగుంట్ల పక్కన సిమెంటు ఫ్యాక్టరీలు వెలసింది కూడా యీ సున్నపురాయి కోసమే. టైల్సు కింద పోసే సిమెంటు రూపంలోనైనా ఆ రాయి యింట్లోకి రాక తప్పదన్నమాట.

మా కాలేజీలోనే పనిచేసే మిత్రుడొకాయన మొన్నామధ్య ప్రొద్దుటూరులో యిల్లు కట్టాడు. ఆయన భార్యకు తెల్లటి మెరుగు టైల్సు కావాలి. తల్లికి డెబ్బయి దాటాయి. నమూనా పలకను ఒకసారి కాలితో తడిమి చూసి, "ఈ అద్దం మింద నేనెట్ల నడిసేది నాయనా?" అన్నది నాతో. కోడలు నొచ్చుకొన్నది. అత్తగారికి పాతకాలపు చాదస్తమని ఆమె వుద్దేశం. మా మిత్రుడు యిద్దరి మధ్యా నలిగిపోయి నావైపు చూశాడు.

"వాదించుకోవటం దేనికి? నాలుగు ముక్కలు తెచ్చి ఒక వారం యింట్లో పెట్టుకోండి" అన్నాను. మెరుగు టైలు, గరుకు టైలు, పాలిష్ పట్టిన కడప బండ, పాలిష్ పట్టని బండ. నాలుగింటి మీదా చెంబెడు నీళ్ళు పోశాము. టైలును మట్టి, ఫెల్‌స్పార్, క్వార్ట్జు కలిపి దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాల్చుతారు. అది నీటిని నూటికి అరవంతు కూడా పీల్చదు. శుభ్రం చేసుకోవటానికి అది సుగుణమే. కాని పీల్చని నీరు పైన పొరలా నిలబడుతుంది. మెరుగు తోడైతే కాలు నిలవదు. పాలిష్ పట్టిన బండ కూడా తడిలో పెద్ద మెరుగేమీ కాదు, న్యాయంగా చెప్పాలంటే. పాలిష్ పట్టని బండ మీద మాత్రం కాలు అంటుకొని నిలిచింది. గరుకు టైలు దాని తరువాతి స్థానం. ముసలివాళ్ళు తుంటి యెముక విరిగి మంచాన పడితే ఎంతమంది తిరిగి లేస్తున్నారో ప్రతి వీధిలోనూ తెలుసు. ఆ నీళ్ళ పరీక్ష చూసిన తరువాత కోడలే అన్నది: "స్నానాల గదికీ, అత్తమ్మ గదికీ, పెరటికీ బండే వేయిద్దాం. హాలు మాత్రం నాకు వదిలెయ్యండి." అంతకన్న మంచి తీర్పు నేను చెప్పలేను.

కడప బండ వేస్తే యిల్లు చల్లగా వుంటుందని చాలామంది నమ్మకం. కింది అంతస్తులో చల్లదనం వున్నమాట నిజమే కాని, దానిలో ఎక్కువ భాగం బండది కాదు, దాని కింది భూమిది. అదే నేల మీద టైలు వేసినా చల్లగానే వుంటుంది. ఎండవేడికి వుడికిన మేడమీద గదిలో బండా కాలుతుంది, టైలూ కాలుతుంది. చల్లదనం కోసమని రెట్టింపు ఖర్చు పెట్టేవారు ఆ డబ్బు కప్పు మీద పెడితే మేలు. కప్పు సంగతికి తరువాత వస్తాను.

రెండో పరీక్ష నిమ్మకాయతో. పాలిష్ బండ మీద నాలుగు చుక్కలు పిండి, పది నిమిషాలాగి తుడిస్తే అక్కడ మెరుగు పోయి తెల్లటి మచ్చ నిలిచింది. సున్నపురాయికీ పులుపుకూ జన్మవైరం. ఆమ్లం తగిలితే రాయి కొద్దికొద్దిగా కరిగి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. మన వంట సంగతి చెప్పాలా? చింతపండు లేని రోజు, నిమ్మకాయ పిండని చిత్రాన్నం వున్నాయా? పొయ్యిగట్టు మీద కడప బండ వేసుకొని, ఆరు నెలలకే మచ్చలు పడ్డాయని మేస్త్రీని తిట్టేవారు మేస్త్రీని కాదు, చారును తిట్టాలి. పోనీ డబ్బు పోతే పోయిందని రాజస్థాన్ పాలరాయి తెప్పిస్తే? అదీ సున్నపురాయి పుట్టుకే. అదే మచ్చ యింకా ఖరీదుగా పడుతుంది. పొయ్యి దగ్గర గ్రానైటు వేసుకోండి. చీమకుర్తి నల్లరాయి ప్రపంచమంతా పోతున్నది, మన వంటింటికి రాకూడదా? గట్టు కింద అరలకు మాత్రం కడప బండను మించింది లేదు.

ఇంకొక హెచ్చరిక. ఇల్లు పూర్తయ్యాక నేలమీద పడిన సిమెంటు మరకలు పోవటానికి కూలీలు యాసిడ్ పోసి కడుగుతారు. టైలు ఓర్చుకొంటుంది, నాపబండ ఓర్చుకోదు. ఒక్క పూటలో నేల మొత్తం బూడిదరంగుకు తిరిగిపోతుంది. పని అప్పజెప్పేటప్పుడే మేస్త్రీతో గట్టిగా చెప్పి వుంచాలి. మరకలు పడకుండా ముందే గోనెసంచులు పరచటం అన్నిటికన్నా సులువు.

ఇక కప్పు. మా వైపు పాత మిద్దె యిళ్ళలో దూలాల మీద దంతెలు, వాటిమీద బండలు లేక చెక్కలు, ఆ పైన మందంగా చౌడుమట్టి పోసేవారు. బరువు ఎక్కువే, ఏటేటా మరమ్మతూ తప్పదు. అయినా మధ్యాహ్నపు ఎండ ఆ మట్టిని దాటి లోపలికి దిగేసరికి పొద్దుపోయేది. ఇప్పటి పల్చటి కాంక్రీటు కప్పు పగలంతా ఎండను తాగి, రాత్రి మన మంచాల మీద కక్కుతుంది. మేడమీద తెల్ల సున్నం, లేదా ఎండను తిప్పికొట్టే తెల్లరంగు వేస్తే వేడి బాగా తగ్గుతుంది. తెలంగాణా ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. కిటికీకి లోపల ఎంత మందం తెర కట్టినా, అద్దం దాటి వచ్చిన ఎండ గదిలోకి వచ్చినట్లే. దాన్ని బయటే ఆపాలి. మన పెద్దలు వట్టివేళ్ళ తడికలు బయట కట్టి నీళ్ళు చల్లింది అందుకే. మా ఎండాకాలం పొడి ఎండాకాలం గనుక ఆ తడి చక్కగా ఆరి గాలిని చల్లబరుస్తుంది. లోపలి తెరలకు చేనేత నూలుగుడ్డ చాలు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల్లో యింకా మగ్గాలు ఆడుతున్నాయి. ఉతికితే మెత్తబడే గుడ్డను వదిలి, పట్టులాంటి ప్లాస్టిక్కును కొనటం నాకెప్పుడూ అర్థం కాదు.

కప్పు మాట వచ్చింది గనుక పులివెందుల సంగతి చెప్పాలి. ఆ చుట్టుపక్కల కొండల్లో రెండు వింత ఖనిజాలున్నాయి. ఒకటి ముగ్గురాయి. చేతిలోకి తీసుకొంటే ఆశ్చర్యం వేస్తుంది, నీటికన్న నాలుగున్నర రెట్ల బరువు. రెండోది రాతినార. రాయిని గోటితో గీరితే నూలుపోగుల్లా విడిపోతుంది. నిప్పుకు కాలదు. ఒకప్పుడు దీనిని గనుల్లోంచి తీసేవారు. ఆ నారను సిమెంటులో కలిపి చేసినవే మనం పశువుల కొట్టాలకూ, వసారాలకూ కప్పుకొన్న బూడిదరంగు రేకులు. ఆ పోగులు కంటికి కనిపించనంత సన్నగా గాలిలో కలిసి వూపిరితిత్తుల్లో దిగితే పాతిక ముప్పయ్యేళ్ళ తరువాత కూడా క్యాన్సరు తేగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. మన దేశంలో 1986 నుంచి రాతినార గనులకు కొత్త అనుమతులు ఆపివేశారు. అరవైకి పైగా దేశాలు దాని వాడకాన్నే నిషేధించాయి. మన దగ్గర మాత్రం దిగుమతి చేసుకొన్న నారతో రేకులు తయారవుతూనే వున్నాయి.

ఇంటిమీద పాత రేకులున్నవారు బెంబేలు పడనక్కరలేదు. కదిలించకుండా వున్న రేకు అంత ప్రమాదం కాదు. దాన్ని రంపంతో కొయ్యటం, రంధ్రాలు పెట్టటం, బ్రష్షుతో రుద్ది కడగటం, పగలగొట్టి పెరట్లో పోయటం ప్రమాదం. తీయక తప్పనప్పుడు తడిపి, ముక్కలు కాకుండా దించాలి. పిల్లలను దూరంగా వుంచాలి. కొత్తగా కప్పేవారు రాతినార లేని రేకు అడిగి తీసుకోవాలి. మా అత్తవారి పెరటి కొట్టం రేకులు దించేటప్పుడు నేను బక్కెట్లతో నీళ్ళు మోశాను. వీధిలో కొంతమంది నవ్వారు కూడా.

దుకాణాల లెక్క వేరు. ప్రొద్దుటూరు బంగారానికీ, బట్టలకూ పేరుపడ్డ వూరు. ఇల్లు కంటికి హాయిగా వుంటే చాలు, కొట్టు సరుకును చూపించాలి. అక్కడ నల్లబండ పరిస్తే వెలుతురంతా నేల మింగేస్తుంది. లేతరంగు గరుకు టైలే నయం. దీపాలు మరీ ముఖ్యం. ఎల్.ఇ.డి. దీపాలన్నీ ఒక్కటి కావు. రంగులను వున్నవి వున్నట్లు చూపే శక్తికి 100 దాకా ఒక కొలత వుంటుంది, పెట్టె మీద అచ్చు వేస్తారు. తొంభైకి తగ్గితే మెరూను చీర గోధుమరంగులోకి దిగుతుంది. కొన్నావిడ ఇంటికి వెళ్ళి పగటి వెలుతురులో చూసుకొని మరునాడు తిరిగి వస్తుంది. తెలివైన ఆడవాళ్ళు అందుకే చీరను వాకిలి దాకా తెచ్చి చూస్తారు. నేనెరిగిన ఒక బట్టల వర్తకుడు వీధివైపు గోడకు పెద్ద కిటికీ పెట్టించి, లోపల పాతపద్ధతిలో పరుపులు పరిచి తెల్లదుప్పటి వేయించాడు. కూర్చున్నవాళ్ళు తొందరపడి లేవరు, తెల్లదుప్పటి మీద రంగు దాగదు. గాజు అల్మారాలకు పెట్టే ఖర్చులో సగం కాలేదని ఆయనే చెప్పాడు.

నా మట్టుకు నాకు కడప బండతో వున్న పెద్ద ఉపకారం పుస్తకాల అలమర. గోడలో బిగించిన నాపబండ అరలు ఎంత బరువైనా వంగవు, చెదలు తినటానికి అందులో ఏమీ లేదు. చెదలు గోడవెంట మట్టిబాట కట్టుకొని వస్తాయి, నిజమే. కాని నల్లరాయి మీద ఆ బాట వెంటనే కనిపిస్తుంది, తుడిచెయ్యవచ్చు. చెక్క అలమరలో అయితే కనిపించేసరికి పుస్తకం మిగలదు.

బండ కొనేవారు గని దాకా వెళ్ళగలిగితే వెళ్ళాలి. మా మిత్రుడితో నేనూ వెళ్ళాను. అక్కడి పెద్దాయన ఒక బండను నిలబెట్టి, "కొట్టి సూడండి అయ్యవారూ" అని చిన్న సుత్తి యిచ్చాడు. మంచి బండ ఖంగుమంటుంది. లోపల పొర విడిన బండ బద్దలైన కుండలా మోగుతుంది, రెండు వానలకు పెచ్చు లేస్తుంది. తెల్లటి గీత అడ్డంగా పోతే అక్కడే విరుగుతుందని చూపించాడు. నేలకు ముప్పాతిక అంగుళం నుంచి అంగుళం మందం చాలన్నాడు. టైల్సు వచ్చాక గిరాకీ తగ్గి తన కొడుకులిద్దరూ బెంగుళూరుకు పోయారని కూడా చెప్పాడు. గని పక్కనే ఆయన యిల్లు. ముంగిట్లో పరిచినవన్నీ అంచులు విరిగిన ముక్కబండలు. నలుపు, బూడిదరంగు, లేత ఆకుపచ్చ, ఏదీ ఏ ఆకారంలోనూ లేదు. మధ్య సందుల్లో సున్నం నింపారు. మా మిత్రుడు కొన్న బండల కన్నా ఆ ముంగిలే బాగున్నది. ముక్కలను అక్కడ ట్రాక్టరు లెక్కన అమ్ముతారు. పెరటికీ, తులసికోట చుట్టూ వేయటానికీ ఆయన తల్లి ఒక ట్రాక్టరు తెప్పించుకొన్నది. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో కుర్చీ వేసుకొని కూర్చొని దగ్గరుండి చెప్పింది, రెండు రోజులు.