అభ్యాసపు తూటాకు ఎట్టి గుండు మేలు?

అమెరికాలో గురి అభ్యసించువారు పలువురు, పేల్చిన తూటాల ఇత్తడి డొప్పలను ఏరి తెచ్చి, వానిలో క్రొత్త టోపీ, మందు, గుండు కూర్చుకొందురు. డొప్ప అనేక పర్యాయములు పనికివచ్చును. గుండు మాత్రము ప్రతిసారి క్రొత్తది కావలెను. కనుక చవుకయైనది వెదకుదురు.

చవుకయైనది సీసము. నీటికంటె 11 రెట్లు మించిన బరువు గలది. కాని అది మెత్తన. 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరగును. గుండు వదులైనచో, మండుచున్న మందునుండి పుట్టిన వాయువులు ప్రక్కలనుండి దూరి సీసమును కరగించి, తుపాకి గొట్టమునకు పులుమును, గురి చెడును. అందుచే 0.38 స్పెషల్ రివాల్వరుకు రాగి తొడుగు గుండు వ్యాసము 0.357 అంగుళము కాగా, సీసపు గుండు 0.358 ఉండును. గట్టిపడుటకు సీసములో ఆంటిమొనీ, తగరము కలుపుదురు.

కాగితపు గురికి కొన చదునుగా నున్న గుండు అనుకూలము. అది కాగితమును చింపక గుండ్రముగా కత్తిరించును. గుణముల లెక్క తేలిక.

అయితే చవుకదనమునకు వేరొక వెల కలదు. పేలినపుడు సీసము సన్నని ధూళియై గాలిలో కలియును. మూసిన గదిలో అది ఊపిరితో రక్తమున చేరి, నరములను, మూత్రపిండములను చెరచును. బట్టలకంటి ఇల్లు చేరినచో పసిపిల్లలకు మరింత హాని. రాగి తొడుగు గుండ్లలో అనేకమునకు అడుగున సీసము బయటపడియే యుండును. కావున అడుగుతోసహా పూత కప్పిన గుండు మేలు.

అదియు సంపూర్ణ రక్ష కాదు. సాధారణపు టోపీమందులోను సీసము కలదు. గాలి ధారాళముగా ఆడు చోటు, పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనుట, ఏ గుండు ఎన్నుకొన్నను తప్పనిసరి.