మీకు తెలుసా? టవర్ లేనిచోట రన్‌వే ఎవరిది?

హైదరాబాద్ పాతబస్తీ దాటి బాలాపూర్ మీదుగా వెళ్తే నాదర్‌గుల్. అక్కడి చిన్న రన్‌వే మీద పైలట్లు శిక్షణ పొందుతుంటారు. ప్రపంచంలో ఇలాంటి చిన్న రన్‌వేలు వేలల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటికి శంషాబాద్ విమానాశ్రయంలో మాదిరి కంట్రోల్ టవర్ ఉండదు. ఎవరెక్కడున్నారో పైలట్లే ఒకే రేడియో ఫ్రీక్వెన్సీలో చెప్పుకోవాలి. టేకాఫ్‌కి సిద్ధమైనదాని కన్నా దిగుతున్న విమానానిదే ముందు హక్కు. రెండూ దిగుతుంటే కిందున్నదానిది. అలాగని కిందికి జారి ముందు దూరడం నిషిద్ధం (చార్మినార్ దగ్గర ఆటోవాలాలకు ఈ రూలు చెప్పి చూడండి!).

చిక్కంతా రేడియోలోనే. 1996 నవంబర్ 19న అమెరికాలోని క్విన్సీలో, టవర్ లేని విమానాశ్రయంలో ఒక బీచ్‌క్రాఫ్ట్ 1900 విమానం దిగుతోంది. అడ్డంగా ఉన్న మరో రన్‌వే మీద కింగ్ ఎయిర్ అనే విమానం టేకాఫ్‌కి నిలబడి ఉంది. ఆగుతారా అని దిగేవాళ్లు అడిగితే, జవాబిచ్చింది కింగ్ ఎయిర్ కాదు, దాని వెనకున్న చిన్న చెరోకీ విమానం పైలట్! అదే సమయానికి దిగుతున్న విమానం కాక్‌పిట్‌లో హెచ్చరిక మోగి, ఆ జవాబులో కొంత వినబడకుండా పోయింది. రన్‌వేలు కలిసేచోట రెండు విమానాలూ ఢీకొన్నాయి. బీచ్‌క్రాఫ్ట్‌లోని వాళ్లు ఢీకొన్న దెబ్బకు చనిపోలేదు. తలుపు తెరుచుకోలేదు, పరుగెత్తుకొచ్చినవాళ్లూ తీయలేకపోయారు. మంటలూ పొగా కమ్మేశాయి. రెండింటిలో కలిపి 14 మంది మరణించారు.